ఫాంట్ వచ్చింది, రాసే చేతులు ఏవి? – గుంజాల గోండి లిపి కథ



హాస్టల్లోనో, కాలేజీలోనో మనలో చాలామంది ఈ మాట విని ఉంటారు. "మీ భాషకు లిపే లేదు కదా, అది భాషెట్లయితది?" అని. అడిగినోళ్లు మామూలుగా అడిగేసి పోతారు. మనం మాత్రం ఆ రోజంతా దాన్నే తలచుకుంటూ కూర్చుంటాం. ఈ పోస్టు ఆ మాటకు జవాబు. కొంచెం పొడుగుంది, ఓపికగా చివరిదాకా చదవండి.

ముందుగా ఒక సంగతి. లిపి ఉంటేనే భాష అనేది ఉత్త మాట. ఇంగ్లిష్‌వాళ్లు రాసేది రోమన్ అక్షరాలతో. హిందీ, మరాఠీ, నేపాలీ మూడూ ఒకే దేవనాగరిలో రాస్తారు. వాళ్లను ఎవరూ "మీ సొంత లిపి ఏది?" అని అడగరు. ఆ ప్రశ్న మనకే ఎదురవుతుంది. ఇక గోండి విషయానికొస్తే, ఆ మాట అసలు నిజమే కాదు. గోండికి లిపి ఉంది, రాతప్రతులున్నాయి, ఇప్పుడు ఫాంట్ కూడా ఉంది. లేనిది ఇంకొకటి. దాని గురించి చివర్లో మాట్లాడుకుందాం.

గుంజాలలో దొరికిన రాతలు

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ ప్రాంతంలో గుంజాల అనే ఊరుంది. రాజ్‌గోండులకు కథలు చెప్పేది, కిక్రి వాయిస్తూ వంశాల చరిత్రలు పాడేది పర్ధాన్‌లు అని మనకు తెలుసు. వాళ్ల జ్ఞాపకంలోనే మన చరిత్ర బతికిందని పెద్దలు చెప్తుంటారు. అయితే జ్ఞాపకంతో పాటు కాగితం మీద కూడా ఒక అక్షరం బతికి ఉందని బయటి లోకానికి 2006 ప్రాంతంలో తెలిసింది. గుంజాలలో సుమారు ఒక డజను రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయనతో పనిచేసిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాటి మీద పనిచేశారు. వారాల పేర్లు, నెలల పేర్లు, పండుగలు, అంకెలు, పాత చరిత్ర సంగతులు వాటిలో ఉన్నాయి. ఈ రాతలు సుమారు 1750 నాటివని గోండి పండితులు, పరిశోధకులు అంచనా వేశారు.

1750 అంటే ఎంత పాతదో అర్థం కావాలంటే ఒక పోలిక చూడండి. తెలుగు అక్షరాలు మొదటిసారి సీసపు అచ్చులోకి ఎక్కింది జర్మనీలోని హాలే పట్నంలో. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1746లో అక్కడ తెలుగు పుస్తకం అచ్చు వేయించాడు. అంటే ఎక్కడో సముద్రాల అవతల తెలుగు అక్షరాన్ని సీసంలో పోతపోస్తున్న కాలానికి, మన అడవి ఊళ్లలో గోండి అక్షరాన్ని చేత్తో రాస్తున్నారన్నమాట. తెలుగు అక్షరానికి ఆ తర్వాత అచ్చుయంత్రాలు, పత్రికలు, బడులు, సర్కారు ఆఫీసులు అన్నీ తోడయ్యాయి. గోండి అక్షరానికి ఒక్కటీ తోడు కాలేదు. రెండున్నర శతాబ్దాలు అది ఇంట్లోనే, చేతుల్లోనే బతికింది. ఎవరి ఆదరణా లేకుండా అన్నేళ్లు నిలవడమే పెద్ద విషయం.

'య'తో మొదలయ్యే వర్ణమాల

ఈ లిపిలో అందరూ గమనించాల్సిన విషయం ఒకటుంది. తెలుగులో హల్లులు క, ఖ, గ, ఘ అని మొదలవుతాయి. హిందీలోనూ, బెంగాలీలోనూ, కన్నడలోనూ అంతే. గుంజాల గోండిలో హల్లుల వరుస 'య'తో మొదలవుతుంది. య, వ, బ, భ, మ... ఇట్లా పోతుంది.

ఇది చిన్న విషయం అనిపించొచ్చు. కానీ ఆలోచించండి. పక్కవాళ్ల లిపి చూసి అక్షరాల ఆకారాలు కొద్దిగా మార్చుకున్నవాళ్లు వరుసను కూడా అట్లనే తీసుకుంటారు. ఇక్కడ వరుసే వేరుగా ఉంది. వరుస అంటే బోధన. ఒక పెద్దమనిషి ఒక పిల్లవాడిని కూర్చోబెట్టి "మొదట ఇది రాయి, తర్వాత ఇది రాయి" అని చెప్పిన క్రమం అది. అంటే ఈ అక్షరాలకు తమదైన చదువు ఒకటుంది. బడి భవనం లేకపోయినా బడి ఉంది.

ఈ వరుసను తర్వాత కంప్యూటర్ ప్రమాణంలోకి చేర్చినప్పుడు కూడా అట్లనే ఉంచారు. అందుకు మనం సంతోషపడాలి.

చేతిరాత అచ్చు అక్షరం ఎట్లవుతుంది?

రాతప్రతి దొరికితే సరిపోదు. దాన్ని ఫోన్‌లో, కంప్యూటర్‌లో రాయాలంటే రెండు పనులు జరగాలి.

మొదటిది అక్షరానికి రూపం గీయడం, అంటే ఫాంట్ తయారుచేయడం. మన నోట్సులో మనమే 'అ' రాస్తే పది చోట్ల పది రకాలుగా ఉంటుంది. ఒకచోట గుండ్రంగా, ఒకచోట సాగదీసి, తొందరలో ఉంటే తోక తెగి. పాత రాతప్రతి కూడా అంతే. ఫాంట్ గీసేవాళ్లు ముందు ఒక్కో అక్షరం ఎన్ని రకాలుగా కనిపిస్తుందో ఏరి పక్కపక్కన పెడతారు. అన్నింటిలోనూ మారకుండా ఉన్నదేదో చూస్తారు. అది అక్షరం ఎముక. మారేది రాసినవాళ్ల చేతి వాటం. ఎముకను పట్టుకుని, గీత మందం అన్ని అక్షరాలకూ ఒకేలా ఉండేట్టు, ఎత్తు కుదిరేట్టు మళ్లీ గీస్తారు. అక్షరానికి రెండు పక్కలా ఎంత ఖాళీ వదలాలో కూడా లెక్కే. అది తప్పితే పదం విడివిడిగా చెల్లాచెదురై కనిపిస్తుంది, లేదంటే అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

మన దేశపు లిపుల్లో ఇంకో కష్టముంది. గుణింతాలు, ఒత్తులు. తెలుగులో 'క'కు గుడి పెడితే అది పైన సరిగ్గా ఎక్కడ కూర్చోవాలో ఫాంట్‌లోనే చెప్పిపెట్టాలి. గోండిలోనూ అంతే. హల్లు, దానికి అంటే అచ్చు గుర్తు, రెండు హల్లులు కలిసినప్పటి రూపం, ప్రతిదానికీ ఒక చోటు చూపించాలి. అందుకే అక్షరాలు అరవై చిల్లర ఉన్నా, గీయాల్సిన రూపాలు అంతకంటే చాలా ఎక్కువవుతాయి.

ఇక్కడే అసలు బరువైన ప్రశ్న వస్తుంది. పది చేతిరాతల్లో ఏది ప్రామాణికం? ఫాంట్ ఒక రూపాన్ని ఎంచుకోగానే మిగిలిన తొమ్మిదీ మెల్లగా తప్పుల కింద లెక్కకొస్తాయి. బడిలో పిల్లలు ఫాంట్ చూసే నేర్చుకుంటారు. పక్క ఊరి తాత రాసే రూపం చూసి "తాతా, నువ్వు తప్పు రాసినవ్" అంటారు. తెలుగులోనూ ఇదే జరిగింది. తాటాకు మీద గంటంతో రాసిన రూపాలు అచ్చులోకి వచ్చాక ఎన్నో పోయాయి. కాబట్టి ఫాంట్ గీసే బల్ల దగ్గర రాయడం వచ్చిన మన పెద్దలు కూర్చోవడం మర్యాద కోసం కాదు. వాళ్లు లేకపోతే ఎముక ఏదో, వాటం ఏదో చెప్పేవాళ్లు ఉండరు.

గుంజాల గోండికి తొలి ఫాంట్‌ను 2014 మొదట్లో జనం ముందుకు తెచ్చారు. ఆదిలాబాద్ గోండు గూడేల్లోని 15 సర్కారు బడుల్లో ఈ లిపికి మంచి స్వాగతం దొరికింది.

యూనికోడ్ ఎందుకంత ముఖ్యం?

రెండో పని అక్షరానికి నంబర్ ఇవ్వడం. దీన్ని మనకు తెలిసిన ఉదాహరణతో చెప్పుకుందాం. పెళ్లి పత్రిక వేయించడానికి డీటీపీ షాపుకి పోతాం. అక్కడ అను ఫాంట్‌లో టైపు చేస్తారు. ఆ ఫైలు మన ఫోన్‌లో తెరిస్తే తెలుగు ఉండదు, అర్థం కాని పిచ్చి గుర్తులు వస్తాయి. ఎందుకంటే ఆ ఫైలు లోపల ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిష్ గుర్తుల స్థానంలో తెలుగు బొమ్మలు అతికించారు. ఫాంట్ తీసేస్తే వేషం ఊడిపోతుంది.

యూనికోడ్‌లో అట్ల కాదు. అందులో చేరిన ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ దానిదే అయిన నంబర్ ఉంటుంది. ఫాంట్ మారినా, ఫోన్ మారినా అక్షరం అక్షరంగానే ఉంటుంది. వెతికితే దొరుకుతుంది, కాపీ చేస్తే చెడిపోదు. తెలుగుకు ఈ చోటు 1991లో యూనికోడ్ మొదటి సంచికలోనే దొరికింది. గుంజాల గోండికి 2018 జూన్‌లో, 11.0 సంచికలో దొరికింది. మధ్యలో 27 ఏళ్లు! అంశుమన్ పాండే అనే లిపి పరిశోధకుడు ప్రతిపాదనలు రాశారు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, అంకెలు అన్నీ కలిపి 63 గుర్తులకు నంబర్లు వచ్చాయి.

నంబర్ వచ్చాక కూడా ఫోన్‌లో ఆ ఫాంట్ లేకపోతే అక్షరం బదులు ఖాళీ డబ్బా కనిపిస్తుంది. సోయా పాలతో చేసే టోఫు ముక్కలాగా ఉంటుందని దానికి 'టోఫు' అని పేరు పెట్టారు. ఆ డబ్బాలు లేకుండా చేయాలనే గూగుల్ 'నోటో' అనే ఫాంట్ల కుటుంబాన్ని తయారుచేయించింది. టోఫు వద్దు అనే అర్థంలోనే ఆ పేరు. అందులో గుంజాల గోండికి కూడా ఒక ఫాంట్ ఉంది, ఉచితంగా దొరుకుతుంది. దాని లైసెన్స్ ప్రకారం ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఫాంట్‌ను విడిగా అమ్ముకోకూడదు, అంతే.

పక్కింటివాళ్లు ఏం చేశారు?

ఇప్పుడు మన చుట్టూ ఉన్న ఆదివాసీ లిపుల చరిత్ర కొంచెం చూద్దాం.

మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ జిల్లాకు చెందిన మున్షీ మంగల్ సింగ్ మసారాం 1918లో గోండి కోసం ఒక లిపి తయారుచేశారు. దాన్నే మసారాం గోండి అంటారు. గుంజాల లిపికీ దీనికీ చుట్టరికం లేదు. యూనికోడ్‌లోకి ఇది 2017లో వచ్చింది.

ఒడిశా మయూర్‌భంజ్‌లో పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో సంతాలీ భాషకు ఓల్ చికి లిపి సృష్టించారు. 30 అక్షరాలు. సంతాలీలో పదం చివర గొంతు బిగబట్టి పలికే ధ్వనులున్నాయి. వాటిని బెంగాలీ, ఒడియా, దేవనాగరి లిపులు సరిగ్గా పట్టుకోలేవు. ఓల్ చికి పట్టుకుంటుంది.

మన ఉత్తరాంధ్ర సరిహద్దులోని సవరల కోసం 1936లో మంగేయి గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ లిపిని తెచ్చారు. ఆ అక్షరాలను సవరలు దైవదత్తంగా భావించి పూజిస్తారు. అంతకుముందే గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో సవరల భాష నేర్చుకుని, బడి పెట్టి, తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాశారు. ఆయన సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వచ్చింది. హో భాషకు లకో బోద్రా వారంగ్ చితి లిపి తెచ్చారు. సవర లిపి 2012లో, హో లిపి 2014లో, ముండారి లిపి 2022లో యూనికోడ్‌లో చేరాయి.

మన ఆదిలాబాద్‌లోనే ఇంకో ప్రయత్నం జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ అమరుడైన తర్వాత, నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను ఇక్కడికి పంపింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు కూడా తయారయ్యాయి, కానీ దేవనాగరి లిపిలో. ఈ ప్రాంతంలో మరాఠీ పరిచయం ఎక్కువ కాబట్టి ఆ లిపి తీసుకున్నారు. అదే జిల్లాలో ఒక ఊళ్లో గోండి సొంత అక్షరాలు పెట్టెల్లో ఉన్నాయి. బడి పుస్తకం ఎక్కే అదృష్టం వాటికి అప్పుడు రాలేదు.

ఇన్ని లిపుల్లో ఎక్కువగా నిలదొక్కుకున్నది ఓల్ చికి. ఎందుకు? రఘునాథ్ ముర్ము అక్షరాలు గీసి ఊరుకోలేదు. ఆ లిపిలో నాటకాలు రాశారు, పాటలు రాశారు, వాచకాలు, వ్యాకరణం రాశారు. ఊరూరూ తిరిగి నేర్పించారు. సంతాల్ యువకులు ఆ పని అందుకున్నారు. 2003లో రాజ్యాంగ సవరణ ద్వారా సంతాలీ ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. ఓల్ చికి యూనికోడ్‌లోకి వచ్చింది ఆ తర్వాత, 2008లో. అంటే లిపి పుట్టిన 83 ఏళ్లకు. ఆ 83 ఏళ్లూ వాళ్లు చేత్తో రాశారు, గోడల మీద రాశారు, ప్రెస్సులో అచ్చు వేసుకున్నారు. కంప్యూటర్ కోసం ఆగలేదు.

మన సంగతి తలకిందులైంది. వాళ్లకు వాడకం ముందు, ఫాంట్ తర్వాత. మనకు ఫాంట్ ముందే వచ్చింది, వాడకం వెనకబడింది. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షల మంది. అందులో గుంజాల లిపిలో తన పేరు రాయగలిగేవాళ్లు మన గ్రూపులోనే ఎంతమంది? చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో మనకు తెలుసు. పోస్టు మొదట్లో "లేనిది ఇంకొకటి" అన్నది ఇదే. లేనిది రాసే చేతులు.

"ఏ లిపి?" అనే గొడవ

ఇక్కడ ఒక మాట దాచకుండా మాట్లాడుకోవాలి. గోండులు తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లలో ఉన్నారు. చంద్రాపూర్ అన్న దేవనాగరిలో రాస్తాడు. ఆసిఫాబాద్ తమ్ముడు తెలుగులో రాస్తాడు. బాలాఘాట్ అక్క మసారాం లిపి కావాలంటుంది. "ఇన్ని లిపులైతే భాష ముక్కలైతది, అందరికీ తెలిసిన దేవనాగరే మేలు" అనేవాళ్లున్నారు. "రేపు ఉద్యోగానికి పనికొచ్చే తెలుగు, ఇంగ్లిష్ చదవనియ్యండి, పిల్లల మీద ఇంకో లిపి బరువెందుకు?" అని అడిగే తల్లిదండ్రులూ ఉన్నారు. వాళ్లను తిట్టాల్సిన పని లేదు. ఆ భయంలో నిజముంది.

మా ఆలోచన ఇది. ఒక లిపి నేర్చుకుంటే ఇంకోటి మర్చిపోవాలని ఎక్కడా లేదు. తెలుగులో రాసిన గోండిని గుంజాల లిపిలోకి మార్చడం కంప్యూటర్‌కు అంత కష్టమైన పని కాదు, ఎందుకంటే అన్నీ హల్లు-గుణింతం పద్ధతిలో నడిచే లిపులే. యూనికోడ్ వల్ల వచ్చిన అసలు లాభం ఇదే. ముందు గోండిలో రాయడం అలవాటు కావాలి, అది తెలుగు అక్షరాల్లోనైనా సరే. అట్ల రాసినదాన్ని గుంజాల లిపిలో కూడా ఉంచాలి. పరీక్షకు తెలుగు, ఊరికి గోండి. రెండూ మోయగలం.

లంబాడా, కోయ, కొలాం, నాయక్‌పోడ్, కొండదొర అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ మన గ్రూపులో ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన సత్తుపాటి ప్రసన్నశ్రీ గారు అనేక ఆదివాసీ భాషలకు లిపులు రూపొందించారు. మీ భాషకు కొత్త లిపి కావాలా, తెలుగు లిపి చాలా అనేది మీ జనం కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. ఏది తేల్చుకున్నా ఓల్ చికి నేర్పే పాఠం ఒకటే. రాసేవాళ్లు ఉంటేనే అక్షరం.

మనం చేయగలిగిన పనులు

పెద్ద పెద్ద మాటలు పక్కనబెట్టి, ఈ ఏడాది విద్యార్థులుగా చేయగలిగినవి చెప్పుకుందాం.

ఒకటి. ముందు చేత్తో నేర్చుకుందాం. రోజుకు రెండక్షరాలు. ఫాంట్ చూసి నేర్చుకోవడం సులువే, కానీ గీత ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిప్పాలి అనేది ఫాంట్ చెప్పదు. రాయడం వచ్చిన పెద్దమనిషి పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. ఆయన రాస్తుంటే చేయి కనిపించేట్టు వీడియో తీసి పెట్టుకోవాలి.

రెండు. కనిపించే చోట రాద్దాం. ఊరి పేరు బోర్డు మీద తెలుగు కింద గోండి. పెళ్లి పత్రిక మీద వధూవరుల పేర్లు. కేస్లాపూర్ నాగోబా జాతరకు కట్టే ఫ్లెక్సీ మీద ఒక వాక్యం. దండారి రోజుల్లో గోడ మీద సున్నంతోనో, రంగుతోనో. బొమ్మలు వేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు మన దగ్గర తక్కువేం లేరు. బ్రష్ పట్టినవాళ్లకు అక్షరం కూడా బొమ్మే. రోజూ కళ్లబడే అక్షరం పరాయిదనిపించదు.

మూడు. పెద్దల చేతిరాతలు సేకరిద్దాం. ఎవరు రాశారు, ఏ ఊరు, ఏ తేదీ అన్నీ రాసిపెట్టుకోవాలి. అయితే ఇంట్లో ఉన్న పాత పుస్తకం ఆ కుటుంబం ఆస్తి. అడగకుండా ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టొద్దు. అసలు ప్రతి ఇంట్లోనే ఉండనిద్దాం. తీసిన ఫొటోల కాపీ ముందు వాళ్లకే ఇద్దాం.

నాలుగు. కంప్యూటర్ చదువుతున్నవాళ్లు ఫాంట్ తయారీ నేర్చుకోండి. దానికి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఇప్పుడున్న నోటో ఫాంట్ సాదా గీతలతో ఉంటుంది, చదువుకోవడానికి పనికొస్తుంది. కానీ తెలుగులో పత్రిక శీర్షికకు ఒక అక్షరం, సినిమా పోస్టర్‌కు ఒక అక్షరం, లగ్న పత్రికకు ఒక అక్షరం ఉన్నట్టు గోండికీ రకరకాల అక్షరాలు కావాలి. గుంజాల పెద్దల చేతి వాటంతోనే ఒక ఫాంట్ ఉంటే ఎంత బాగుంటుంది! ఇందాక అనుకున్నాం కదా, ఎంపికలో పోయిన తొమ్మిది రూపాలు అని. వాటిని వెనక్కి తెచ్చే దారి ఇదే. ఒక చేయికి ఒక ఫాంట్.

మిత్రులారా, గుంజాల అక్షరాన్ని రాసినవాళ్లు ఏ కాంపిటిటివ్ పరీక్ష కోసమో రాయలేదు. వారం ఏదో, నెల ఏదో, పండుగ ఎప్పుడో తమ పిల్లలకు తెలియాలని రాశారు. ఆ పిల్లలం మనమే. లిపి ఉందా లేదా అని ఎవరైనా మళ్లీ అడిగితే వాదన పెట్టుకోకండి. పెన్ను తీసి మీ పేరు రాసి చూపించండి. ఈ వారంలో మీ పేరు గుంజాల లిపిలో చేత్తో రాసి, ఫొటో తీసి, ఈ పోస్టు కింద పెట్టండి. వంకరగా వచ్చినా పర్వాలేదు.

జై సేవా! జోహార్!